పాత ఎండీవర్ వెనక ట్రాలీ: సస్పెన్షన్‌లో ఏం మార్చాను, ఏం ముట్టుకోలేదు

పాత ఫోర్ బై ఫోర్ బండికి సస్పెన్షన్ పని చేయించాను అనగానే ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని అంగుళాలు లేపావు?" అని. నేను ఒక్క అంగుళం కూడా లేపలేదు, లేపకూడదనే ముందు నుంచీ అనుకున్నాను. వెనక ట్రాలీ లాగే బండికి కావాల్సింది ఎత్తు కాదు. బరువు పడితే మరీ కుంగకూడదు, కుంగిన తర్వాత ఊగుతూ ఉండకూడదు. మొదటి పని స్ప్రింగుది, రెండో పని షాకబ్జార్బర్‌ది. ఈ రెండింటినీ కలిపేసి "కిట్టు" పేరుతో ఎత్తు కొనుక్కుని వచ్చేవాళ్ళను బెంగళూరులో చాలామందిని చూస్తున్నాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నా.

నా బండి 2010 నాటి ఫోర్డ్ ఎండీవర్. ముందు టార్షన్ బార్ (మెలిపడుతూ స్ప్రింగులా పనిచేసే కడ్డీ), వెనక కమాను కట్టలు (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు), వీల్‌బేస్, అంటే ముందు వెనక యాక్సిళ్ళ మధ్య దూరం, 2860 మి.మీ. వారంలో ఎక్కువ రోజులు కె.ఆర్. పురం, మారతహళ్ళి ట్రాఫిక్‌లో ఖాళీగానే తిరుగుతుంది. వారాంతం వచ్చిందంటే పలమనేరు పక్కన మా పొలానికి వెనక రెండు చక్రాల ట్రాలీతో పోవాలి. అందులో పవర్ టిల్లర్, డ్రిప్ పైపులు, దాణా బస్తాలు, ఒక్కోసారి పాత డీజిల్ ఇంజిన్, అన్నీ కలిపి ట్రాలీతో సహా 900 కిలోల దగ్గర ఉంటుంది. హొసకోట దాటి కోలారు, ముళబాగిలు, నంగిలి మీదుగా వెళ్తుంటే ఫ్లైఓవర్ అతుకుల మీద బండి వెనక భాగం ఒకసారి ఎగిరి ఊరుకోకుండా రెండోసారీ మూడోసారీ ఊగేది. స్టీరింగ్ తేలికగా, పట్టు లేనట్టు అనిపించేది. రాత్రిపూట ఎదురొచ్చే లారీలవాళ్ళు నేను డిమ్‌లోనే ఉన్నా లైట్లు కొట్టేవాళ్ళు, ఎందుకంటే వెనక కుంగడంతో నా హెడ్‌లైట్లు వాళ్ళ కళ్ళలోకి పోతున్నాయి. ఈ మూడు లక్షణాలు కనిపిస్తే దుకాణానికి కాదు, ముందు కాటా దగ్గరికి వెళ్ళాలి.

నిజంగానే. వే బ్రిడ్జి మీద తూకం వేయించకుండా స్ప్రింగు కొనడం నాకు అర్థం కాని పని. పాత మద్రాసు రోడ్డు పొడుగునా కాటాలున్నాయి, రెండు మూడు తూకాలకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. ముందు ఖాళీ బండి: ముందు చక్రాలు మాత్రమే ప్లేటు మీద ఉంచి ఒక తూకం, వెనక చక్రాలు మాత్రమే ఉంచి ఇంకోటి. తర్వాత ఊరికి వెళ్ళేటప్పుడు ఎలా ఉంటుందో అలాగే, మనుషులు, సామాన్లు, ట్రాలీ తగిలించి, మళ్ళీ అవే రెండు తూకాలు. ట్రాలీ చక్రాలు ప్లేటు మీదికి రాకూడదు, నేల సమంగా ఉండాలి. ఖాళీగా, నేనొక్కణ్ణే ఉన్నప్పుడు నాకు ముందు 1020, వెనక 980 వచ్చింది. లోడుతో ముందు 1010, వెనక 1350. ఇది ఒకసారి నిదానంగా చూడండి. పక్క సీట్లో మా ఆవిడ ఎక్కింది, వెనక సీట్లో అమ్మ, డిక్కీ నిండా సామాను, అయినా ముందు యాక్సిల్ మీద బరువు పెరగకపోగా 10 కిలోలు తగ్గింది. వెనక యాక్సిల్ మీద మాత్రం 370 కిలోలు పెరిగింది.

ఎందుకంటే టో బాల్ (ట్రాలీని తగిలించే ఇనుప గుండు) వెనక యాక్సిల్‌కి సరిగ్గా పైన ఉండదు, దానికి ఇంకా వెనక ఉంటుంది. నా బండికి ఆ దూరం 1200 మి.మీ. ట్రాలీ ముక్కు బాల్ మీద 100 కిలోలు మోపితే వెనక యాక్సిల్ మీద పడేది 100 కాదు, 142. మిగతా 42 ముందు చక్రాల మీంచి లేచిపోయి వెనక్కి వచ్చిన బరువు, తిరునాళ్ళలో ఏతం బల్ల మీద వెనక కూర్చున్నవాడు ముందువాణ్ణి లేపినట్టు. 2860కి 1200 కలిపి మళ్ళీ 2860తో భాగించి, వచ్చినదాన్ని బాల్ మీది బరువుతో గుణించండి, అంతే లెక్క. వీల్‌బేస్ చిన్నదైన బండికి ఈ దెబ్బ ఇంకా ఎక్కువ. పాత థార్ వీల్‌బేస్ 2430 మి.మీ. మాత్రమే కాబట్టి అదే ట్రాలీ, అదే దూరం అయినా దాని ముందు చక్రాలు మరింత తేలికవుతాయి.

తూకం అయ్యాక టేపు. చక్రం మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచాను, ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి. వెనక 55 మి.మీ. కుంగుతోంది. అది కాక ఖాళీగా ఉన్నప్పుడే ఎడమ వైపు కుడి కన్నా 12 మి.మీ. కిందికి ఉంది. అంటే కొత్త బరువు సంగతి తర్వాత, ఉన్న కట్టలే అలసిపోయాయి.

బండి కిందికి దూరి, టార్చి వేసి, వైరు బ్రష్షుతో మట్టి గీకి చూస్తే కమాను కట్ట చాలా సంగతులు చెప్తుంది. నా బండికి ఎడమ కట్టలో రెండో పట్టీ కొస, పై పట్టీ అడుగున రాసుకుని రాసుకుని గోరు దిగేంత గాడి చేసింది. పట్టీల మధ్య తుప్పు పొరలుగా ఊడి వస్తోంది. కట్ట వెనక కొసని బండికి తగిలించే షాకిల్ దగ్గర బుష్ రబ్బరు ఒకవైపు నలిగి బయటికి తన్నుకొచ్చి, లోపలి ఇనుప గొట్టం నేరుగా కట్ట కంటికి (బోల్టు దూరేలా పట్టీ కొసని చుట్టిన చోటుకి) రాసుకుంటున్న మెరుపు కనిపించింది. ఇలాంటి కట్ట మీద ఎయిర్‌బ్యాగ్ (స్ప్రింగుకి తోడుగా యాక్సిల్ పైన పెట్టే గాలి సంచి) వేసినా ఇంకో పట్టీ వేసినా జబ్బు అలాగే ఉంటుంది. పాత బండికి మొదటి అప్‌గ్రేడ్ అంటే దాన్ని కంపెనీ నుంచి వచ్చిన స్థితికి తేవడం. అది చేస్తే ఆ తర్వాత కావాల్సింది చాలా కొంచెమే అని నా అనుభవం.

ఇప్పుడు ఏ కట్ట కొనాలి అన్నది. ఆస్ట్రేలియా నుంచి వచ్చే ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి కిట్లలో వెనక స్ప్రింగులు లోడు ప్రకారం రెండు మూడు రకాలుగా దొరుకుతాయి, 300 కిలోల కాన్‌స్టంట్ లోడ్ వంటి మాటలు కనిపిస్తాయి. చాలామంది దాన్ని "300 కిలోలు మోయగలదు" అని చదువుకుంటారు. అది కాదు. ఆ 300 కిలోలు బండిలో ఎప్పుడూ, రోజూ, దిగకుండా ఉంటేనే ఆ స్ప్రింగు సరిగ్గా పనిచేస్తుందని దానర్థం. టూల్ బాక్సులు, డబుల్ ట్యాంకు, పైన టెంటు శాశ్వతంగా బిగించుకున్నవాళ్ళకి అది. నాలాగా ఎక్కువ రోజులు ఖాళీ బండితో స్పీడ్ బ్రేకర్లు ఎక్కీ దిగీ తిరిగేవాళ్ళు అది వేస్తే ప్రతి హంపు నడుముకి తగులుతుంది. వెనక సీట్లో పెద్దవాళ్ళుంటే ఇక చెప్పక్కర్లేదు. ఖాళీగా ఉన్నప్పుడు గట్టి స్ప్రింగు మీద వెనక చక్రం గుంతల రోడ్డు మీద గంతులేస్తుంది, వానలో బ్రేకు కొడితే పట్టు తగ్గుతుంది, కాబట్టి ఇది ఒక్క సుఖం విషయమే కాదు.

ఒక షాపులో పొడవు షాకిల్ వేసేద్దాం, అయిపోతుంది అన్నారు. షాకిల్ పొడవు ఎంత పెంచితే అందులో సగం మాత్రమే ఎత్తు వస్తుంది, మోసే బలం ఒక్క గ్రాము కూడా పెరగదు. పైగా కట్ట పక్కకి ఊగే వీలు ఎక్కువవుతుంది, ట్రాలీ పక్కలకి లాగేటప్పుడు మనకి అక్కర్లేనిది సరిగ్గా అదే. నేను వద్దని లేచి వచ్చేశాను.

పాత కట్టనే వంపు తిప్పించడం ఇంకో దారి, ఖర్చు తక్కువ. లారీ కమాన్లు కొట్టేవాళ్ళు చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెస్తారు, లేదా కొలిమిలో కాలుస్తారు. కాల్చిన తర్వాత మళ్ళీ సరైన వేడికి తెచ్చి, నూనెలో ముంచి, టెంపర్ చేసే వసతి అక్కడ లేకపోతే ఆ వంపు కొన్ని నెలలు కూడా నిలవదు. అలసిపోయిన ఉక్కుని ఎంత వంచినా అది అలసిపోయిన ఉక్కే. కట్ట కొత్తదే కొనాలని అందుకే తేల్చుకున్నాను.

కొత్తది కొనేటప్పుడు మందం దగ్గర జాగ్రత్త. కమాను పట్టీ గట్టిదనం మందానికి ఘనం లెక్కన పెరుగుతుంది. పట్టీ 7 మి.మీ. నుంచి 8కి పోయిందంటే చూడ్డానికి తేడానే తెలియదు గానీ గట్టిదనం దాదాపు 50 శాతం పెరిగిపోతుంది. అదే ఐదు పట్టీల కట్టకి అదే మందంలో ఇంకో పట్టీ కలిపితే సుమారు 20 శాతమే. "కొంచెం మందంగా వేయిద్దాం సార్" అనే మాట వినడానికి తేలిక, కూర్చుని తిరిగేది మనం.

జె.సి. రోడ్డులో స్పేర్లు అమ్మేవాళ్ళ దగ్గర దొరికినంత సమాచారం తీసుకుని, చివరికి లారీ కమాన్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. ముళబాగిలు వైపు మనిషి, తెలుగే మాట్లాడతాడు. నా తూకం చీటీలు చూపిస్తే చాలాసేపు చూసి, "సార్, ఈ లోడు రోజూ ఉంటుందా, అప్పుడప్పుడా?" అని అడిగాడు. అంతకు ముందు తిరిగిన ఏ షాపులోనూ ఎవరూ అడగని ప్రశ్న అది. అప్పుడప్పుడేనన్నా అన్నాను. "అట్లయితే కట్ట కంపెనీ మందంలోనే ఉండనీండి, కింద ఒక హెల్పర్ పెడతాను. ఖాళీగా ఉన్నప్పుడు అది పని చేయదు, ట్రాలీ తగిలిస్తేనే కూర్చుంటుంది" అన్నాడు. నాకు కావాల్సింది సరిగ్గా అదే. హెల్పర్ అంటే కట్టకి అడుగున దాదాపు తిన్నగా ఉండే మందపాటి పట్టీ. పై పట్టీలు కొంత కిందికి వంగాకే దాన్ని తాకుతాయి, అక్కడి నుంచి అదీ భారం పంచుకుంటుంది. 25 మి.మీ. కుంగిన తర్వాత అందుకునేలా పెట్టించాను, ఎందుకంటే బెంగళూరులో నలుగురు మనుషులతో బండి ఆ మాత్రం కూడా కుంగదు. అందుకని ఇంట్లోవాళ్ళతో వెళ్ళేటప్పుడు మెత్తగానే ఉంటుంది, ట్రాలీ కట్టాకే గట్టిపడుతుంది.

ఎయిర్‌బ్యాగులు ఎందుకు వద్దనుకున్నానో కూడా చెప్పాలి, ఎందుకంటే వాటి మీద మోజు ఎక్కువగా ఉంది. గాలి ఎక్కువా తక్కువా చేసుకోవచ్చు, బండి ఖాళీగా ఉంటే చాలావరకు తీసేయొచ్చు, ఆ సౌకర్యం నిజమే. కానీ కమాను కట్ట తన భారాన్ని ముందు కన్ను దగ్గర ఒకచోట, షాకిల్ దగ్గర ఒకచోట, రెండు చోట్ల చాసిస్‌కి పంచుతుంది. ఎయిర్‌బ్యాగ్ యాక్సిల్ పైన ఒక్కచోటే చాసిస్‌ని కింది నుంచి పొడుస్తుంది. వెనక టో బాల్ దాన్ని కిందికి లాగుతుంటే చాసిస్ ఆ మధ్యలో వంగే ప్రమాదం ఉంది. ఆస్ట్రేలియాలో క్యారవాన్లు లాగే డబుల్ క్యాబ్ పికప్‌లకు చాసిస్ వంగిపోయిన సందర్భాల్లో ఈ చర్చ చాలాసార్లు వచ్చింది. పదిహేనేళ్ళ చాసిస్‌తో, అందులోనూ ఎక్కడ తుప్పు పట్టిందో పూర్తిగా కనిపించని చాసిస్‌తో నేను ఆ పని చేయను. సఫారి, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటి వెనక కాయిల్ స్ప్రింగ్ బండ్ల సంగతి వేరు. అక్కడ బ్యాగు స్ప్రింగు లోపలే కూర్చుంటుంది, భారం పడేది స్ప్రింగు కూర్చునే చోటే, కాబట్టి వాటికి అది మంచి ఎంపికే, గాలి బొత్తిగా లేకుండా మాత్రం నడపకూడదు.

షాకబ్జార్బర్ల దగ్గర నేను పిసినారితనం చేయలేదు. ఊగడం ఆపేది అవే. స్ప్రింగు గట్టిదై షాక్ పాతదే ఉంటే బండి ముందుకన్నా ఎక్కువ ఎగురుతుంది, అందుకే కట్టలు మార్చి షాక్‌లు తర్వాత చూద్దాం అనే లెక్క పనికిరాదు. సాదా ఆయిల్ షాక్‌లు గతుకుల రోడ్డు మీద గంటల తరబడి కొట్టుకుంటే వేడెక్కి లోపల నూనె నురగ కడుతుంది, అప్పుడు పిస్టన్ నురగలో తిరుగుతుంది, పట్టు పోతుంది. నైట్రోజన్ గ్యాస్ నింపినవాటిలో నురగ తక్కువ. వాటిలో మళ్ళీ మోనోట్యూబ్ వేడిని త్వరగా బయటికి వదులుతుంది గానీ గొట్టం ఒకటే పొర కాబట్టి ఒక రాయి తగిలి సొట్ట పడితే పిస్టన్ ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్‌కి బయటి గొట్టం సొట్ట పడినా లోపలిది పనిచేస్తూనే ఉంటుంది. మా పొలం దారి అంతా కంకర రాళ్ళు, అందుకని లావు గొట్టం ఉన్న గ్యాస్ ట్విన్ ట్యూబ్ తీసుకున్నాను. ఎప్పుడూ హైవే మీదే లాగేవాళ్ళయితే మోనోట్యూబ్ తీసుకోమంటాను. పొడవు మాత్రం కంపెనీ పొడవే ఉండాలి. లిఫ్ట్ కోసం చేసిన పొడుగు షాక్‌ని మామూలు ఎత్తు బండికి బిగిస్తే లోడుతో పెద్ద గుంతలో పడినప్పుడు బంప్‌స్టాప్ (యాక్సిల్ మరీ పైకి రాకుండా ఆపే రబ్బరు దిమ్మె) కన్నా ముందు షాకే అడుగంటుతుంది.

ముందు వైపు? ఏమీ చేయలేదు, ఇది చాలామందికి నచ్చదు. వెనక లేచింది కాబట్టి టార్షన్ బార్ బోల్టు తిప్పి ముందు కూడా లేపేద్దాం అంటారు. ఆ బోల్టు తిప్పితే బార్ గట్టిపడదు, బండి ఎత్తు మారుతుంది అంతే. చక్రం కిందికి జారే వీలు తగ్గుతుంది, డ్రైవ్ షాఫ్టు జాయింట్లు వంకరగా పనిచేసి వాటి రబ్బరు తొడుగులు చిరుగుతాయి. ట్రాలీ లాగేటప్పుడు ముందు ఎలాగూ తేలికవుతోందని కాటా చెప్తూనే ఉంది కదా, దాన్ని ఇంకా లేపి ఏం చేస్తాం? ముందు ఇనుప బంపరు, వించ్ ఉన్నవాళ్ళకి గట్టి టార్షన్ బార్ అవసరం రావచ్చు. నాకు అవి లేవు.

బిగించేటప్పుడు దగ్గర నిలబడండి. కట్టని యాక్సిల్‌కి బిగించే యు-బోల్టులు కొత్తవే వేయించాలి, పాతవి ఒకసారి సాగి ఉంటాయి, మళ్ళీ బిగిస్తే పట్టు నిలవదు. షాకిల్, కంటి బోల్టులు జాకీ మీద ఉన్నప్పుడే పూర్తిగా బిగించేస్తే రబ్బరు బుష్ మెలిపడ్డ స్థితిలో ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. బండి చక్రాల మీద దిగాక, తన బరువు తాను మోస్తున్నప్పుడే చివరి బిగింపు. మెకానిక్‌లకి ఇది తెలియక కాదు, తొందరలో వదిలేస్తారు. 500 కిలోమీటర్ల తర్వాత యు-బోల్టులు మళ్ళీ బిగించాలి, కొత్త పట్టీలు సర్దుకుంటాయి. వెనక యాక్సిల్ నుంచి బ్రేకు వాల్వుకి ఒక సన్నని కడ్డీ ఉందేమో చూడండి. బొలెరో, పాత థార్ లాంటి కమాను బండ్లలో అది ఉంటుంది. లోడు ఎంతుందో యాక్సిల్ ఎత్తుని బట్టి తెలుసుకుని వెనక బ్రేకులకి ఒత్తిడి పంచేది అదే. కట్ట ఎత్తు పెంచితే బండి ఖాళీగా ఉందని అది పొరబడుతుంది, వెనక బ్రేకులు తగ్గిస్తుంది. ట్రాలీ లాగే బండికి అంతకన్నా చెడ్డది ఇంకోటి లేదు, సరిచేయించకుండా రోడ్డెక్కకండి.

ట్రాలీ పాములా అటూ ఇటూ ఊగుతుంటే సస్పెన్షన్ మీద డబ్బు పెట్టకండి, అది బరువు సర్దుబాటు సమస్య. బాల్ మీద పడే బరువు మొత్తం ట్రాలీ బరువులో పదోవంతు దగ్గర ఉండాలి. దాన్ని ఇంట్లో బరువు చూసుకునే మిషన్‌తోనే కొలవొచ్చు: ఒక గట్టి చెక్క, ఒక కొస ఇటుక మీద, ఇంకో కొస మిషన్ మీద. ట్రాలీ ముక్కుని ఇటుకకి ఒక అడుగు దూరంలో, మిషన్‌కి రెండడుగుల దూరంలో చెక్క మీద దించండి. మిషన్ చూపించిన అంకెని మూడుతో గుణిస్తే అదే బాల్ మీది బరువు. నా ట్రాలీలో పవర్ టిల్లర్ ఇంజిన్‌ని ట్రాలీ యాక్సిల్‌కి కాస్త ముందుకి జరిపి కట్టాకే 100 వచ్చింది. టైర్ల తయారీ తేదీ కూడా చూసుకోండి, పక్క గోడ మీద నాలుగంకెలు, 2319 అంటే 2019లో 23వ వారం. పాత టైరు పక్క గోడలు మెత్తబడితే ఎంత మంచి షాక్ వేసినా బండి తేలుతూనే ఉంటుంది.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పాత బండికి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించుకునే రోజు ఎలాగూ వస్తుంది, కంపెనీ ఎత్తులోనే ఉంటే ఆ టెన్షన్ ఉండదు. ట్రాలీకి కూడా రిజిస్ట్రేషన్ కావాలి. ఇంకోటి, గట్టి కమాను వేసినంత మాత్రాన బండి మోయాల్సిన గరిష్ఠ బరువు పెరగదు. బ్రేకులు, బేరింగులు, చాసిస్ పాతవే.

దిగుమతి కిట్టు పూర్తిగా తీసుకుంటే లక్ష దాటడం మామూలే, నాకు అందులో సగం కూడా కాలేదు. ఇప్పుడు అదే లోడుతో వెనక 40 మి.మీ. లోపే కుంగుతోంది, రెండు వైపులా సమంగా. ఫ్లైఓవర్ అతుకు మీద ఒక్కసారి కుంగి లేచి అక్కడితో ఆగిపోతోంది. హెడ్‌లైట్లు ఒక గీత కిందికి తిప్పుకున్నాను, ఎదురొచ్చేవాళ్ళు లైట్లు కొట్టడం మానేశారు. స్టీరింగ్ తేలికదనం కొంత మిగిలే ఉంది, అది స్ప్రింగుతో పోయేది కాదు, బాల్ మీద బరువు ఉన్నంతకాలం ఉంటుంది, వేగం తగ్గించుకోవడమే దానికి మందు. నేను 70 దాటను.

ఇక మిగిలింది ట్రాలీ. దాని కమాన్లు 900 కాదు, రెండు టన్నులకి చేసినట్టున్నాయి, షాక్‌లు అసలే లేవు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు ప్రతి గతుకుకీ ఎగిరి బాల్‌ని కొడుతోంది. రెండు పట్టీలు తీయించి, చిన్న షాక్‌లు పెట్టించాలని ఆ పెద్దాయనతోనే మాట్లాడుతున్నాను, ఆ పని అయ్యాక కొలతలతో సహా రాస్తాను. ఈలోగా మీ బండి తూకం చీటీ ఉంటే, బండి పేరు, వీల్‌బేస్, బాల్ దూరంతో పాటు పంపండి, హెల్పర్ ఎక్కడ అందుకోవాలో లెక్క వేసి చెప్తాను.